పొదిగే కోడి కింద బాంబు

మొన్న ఆదివారం పొద్దున్న మా వీధి వీధంతా ఇళ్లలోంచి బయటికి తోలి, టీ కొట్టు దగ్గర నిలబెట్టి తలలు లెక్కపెట్టిన మహానుభావుడెవరో మీకు తెలిసిపోయినట్టుంది. నవ్వండి, నవ్వండి! నా చెవి మీద ఈ ఊదారంగు మచ్చేంటని ఇందాకట్నుంచీ చూస్తున్నారుగా, అదీ ఆ గొడవలోదే. టీ తాగుతూ వినండి. నేనే చెప్పేస్తే నయం. మా ఎర్రయ్య బావ చెప్తే అందులో నేను ఏడ్చినట్టు కూడా ఉంటుంది. ఏడవలేదు. ఏడుపొచ్చింది, అంతే.

ముందు ఒకటి ఒప్పుకుంటాను. నాకు భయం ఎక్కువ. గ్యాస్ స్టవ్ ఆర్పానా లేదా అని గాజువాక జంక్షన్ దాకా వెళ్లి వెనక్కొచ్చిన రోజులున్నాయి. అచ్యుతాపురం ఫ్యాక్టరీలో సేఫ్టీ సూపర్‌వైజర్ ఉద్యోగంలో చేరిందే అందుకు. భయపడినందుకు జీతమిస్తామంటే ఎవరు కాదంటారు? రోజూ పొద్దున్నే వర్కర్లందరినీ వరసలో నిలబెట్టి "కంగారు పడొద్దు, పరిగెత్తొద్దు, ముందు కళ్లతో చూడండి" అని చెప్పేది నేనే.

ఇక కోళ్ల సంగతి. పన్నెండేళ్ల కిందట మా పెరట్లో పద్నాలుగు కోళ్లుండేవి. మా ఆవిడ సుగుణ పిల్లల్ని చూసుకున్నట్టు చూసుకునేది. నేనొక రోజు సంతలో ఎర్ర పెట్ట ముద్దుగా ఉందని కొనుక్కొచ్చి, తిన్నగా మందలో వదిలేశాను. కొత్త కోడిని రెండు వారాలు విడిగా ఉంచాలని నాకు తెలీదా? తెలుసు! "చూడ్డానికి బాగానే ఉంది కదా" అనుకున్నాను. దానికి కొక్కెర తెగులు. వారం తిరిగేసరికి పద్నాలుగూ పోయాయి. సుగుణ ఏడ్చింది, గంపలు అటక మీదికి ఎక్కించింది. "ఇంకెప్పుడూ ఈ ఇంట్లో కోడి మాటెత్తకండి" అంది. పన్నెండేళ్లు ఎత్తలేదు. అది నా తప్పేనని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. అనేసుంటే బాగుణ్ణనిపించేది.

ఈ జనవరిలో ఆవిడే గోడ మీంచి పక్కింటి పుంజుని చూస్తూ "మళ్లీ పెంచుదామేటండీ" అంది. నాకు సంతోషం, దాని వెనకాలే భయం! ఎందుకంటే షరతు పెట్టింది.

"మీ తొందరపాటు వల్ల ఈసారి ఒక్క పిల్ల పోయినా, మిగిలినవన్నీ ఎవరికైనా ఇచ్చీడమే. నాను మళ్లీ ఏడవలేను."

దాంతో నేను పెరటిని ఫ్యాక్టరీ చేసేశాను. గుమ్మం ముందు తొట్టిలో పొటాషియం పర్మాంగనేట్ కలిపిన ఊదారంగు నీళ్లు, అందులో కాళ్లు ముంచాకే ఎవరైనా లోపలికి. కొత్త కోళ్లకి వేరే కంచె. వేసిన టీకా, పట్టిన మందు, అన్నిటికీ ఫ్రిజ్ మీద చార్టు. పద్మనాభంలో తెలిసినాయన దగ్గర్నుంచి నాలుగు నాటు పెట్టలు, ఓ పుంజు. రెండు గిరిరాజాలు. కాళ్ల నుంచి జుట్టు దాకా నల్లగా ఉండే కడక్‌నాథ్ పెట్ట ఒకటి. గేటు దగ్గర పిల్లి కదిలినా ఊరంతా లేచేలా అరిచే గిన్నీ కోళ్లు రెండు. సుగుణ చూసి "మందలో ఎవుడి భాష ఎవుడికీ అర్థం కాదు, మీ ఫ్యాక్టరీలాగే" అంది.

ఏప్రిల్ ఆఖర్లో బూడిదరంగు నాటు పెట్ట పొదుగుకొచ్చింది. లేపితే గుర్రుమంటోంది, ఒళ్లంతా ఉబ్బించి కూర్చుంటోంది. ఎన్నాళ్ల తర్వాత! సుగుణ మొహం వెలిగిపోయింది. పదకొండు గుడ్లు ఏరింది. సగానికి కోసిన పాత ఇనప డ్రమ్ముంది మా పెరట్లో, అందులో గడ్డి పరిచాం. అక్కడొచ్చింది సమస్య.

మా అమ్మ పొదుగు పెట్టేటప్పుడు గుడ్ల కింద గడ్డిలో ఓ బొగ్గు ముక్క, ఓ ఎండు మిరపకాయ, ఓ ఇనప మేకు పెట్టేది. ఉరుములకి గుడ్లు మురిగిపోకుండా! మే నెలలో మన దగ్గర సాయంత్రం అయితే చాలు ఉరుములే కదా. అవి పెడదామా అని నేను అడిగితే సుగుణ "ప్రార్థన చేసి పెట్టండి, చాలు" అంది.

"ప్రార్థనా చేద్దాం, ఇనుమూ పెడదాం" అన్నాను నేను.

మేకు పెట్టేస్తే సరిపోయేది. కానీ సేఫ్టీ వాడి బుర్ర ఊరుకుంటుందా? మా అమ్మ రోజుల్లో ఉరుములకి మేకు చాలు. ఇప్పటి ఉరుములకి మేకేం సరిపోతుంది? పది రెట్లు ఎక్కువ పెడితే పది రెట్లు భద్రం అనిపించింది. అప్పుడే మా ఎర్రయ్య బావ చేపలు పట్టుకుని వచ్చాడు. యారాడలో ఉంటాడు, సముద్రం మీదకి వెళ్తాడు, నాకు బంధువేం కాదు గానీ ముప్ఫై ఏళ్లుగా బావే.

"బావా, నీ దగ్గర బరువైన ఇనప ముక్కేదైనా ఉందేటి?"

"ఉంది బావా. రెండేళ్ల కిందట వల్లో పడింది. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాను. తెచ్చీమంటావా?"

"ఏంటది?"

"ఇనుము బావా! ఇనుము అడిగినావు, ఇనుము తెత్తన్నాను. మళ్లీ ఏటని అడుగుతావేటి?"

మర్నాడు తెచ్చాడు. జానెడు పొడుగు, ఒక పక్క గుండ్రంగా మూసుకుపోయి ఉంది, ఇంకో పక్క గట్టిపడిపోయిన ఇసక. చుట్టూతా తుప్పు, తుప్పు మీద సముద్రపు గుల్లలు అంటుకుని. రెండు కేజీలుంటుంది. డ్రమ్ములో మధ్యలో పెట్టి, గడ్డి కప్పి, గుడ్లు చుట్టూతా పేర్చాం. పెట్ట ఎక్కి కూర్చుంది. ఫ్రిజ్ మీద చార్టులో ఇరవై ఒక్క గళ్లు గీసి, ఆఖరి గడికి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. నేనే చుట్టాను, నా చేత్తోనే!

మూడు వారాలు బాగానే గడిచాయి. రెండు సార్లు ఉరుములు కూడా ఉరిమాయి, నేను కిటికీలోంచి డ్రమ్ము వంక చూసి "ఫర్వాలేదు, ఇనుముంది" అనుకున్నాను.

ఆదివారం పొద్దున్న ఆరున్నర. సుగుణ చర్చికి చీర ఇస్త్రీ చేసుకుంటోంది. నేను కాఫీ తాగుతూ ఫోన్ చూస్తుంటే ఎవరో గ్రూపులో వీడియో పెట్టారు. ఎక్కడిదో తెలీదు. సముద్రం ఒడ్డున దొరికిన పాత ఇనప ముక్కని పాత సామాన్ల కొట్టులో సుత్తితో కొడితే ఢామ్మని పేలింది. కింద "ఇలాంటివి కనిపిస్తే ముట్టుకోవద్దు" అని రాసి, ఫొటో. తుప్పు, గుల్లలు, ఒక పక్క గుండ్రంగా.

కప్పు ఎక్కడ పెట్టానో నాకు గుర్తులేదు, తర్వాత వాషింగ్ మెషీన్లో దొరికింది.

చప్పుడు చెయ్యకుండా పెరట్లోకి వెళ్లాను. ఊదానీళ్లలో కాళ్లు ముంచానా? ముంచాను! చచ్చిపోతున్నా అలవాటు పోదు. డ్రమ్ము దగ్గర వంగి చెవి పెట్టాను. పెట్ట నా వంక చూసి చిన్నగా గుర్రుమంది. ఆ తర్వాత వినిపించింది.

టక్.

కాస్త ఆగి, మళ్లీ టక్, టక్.

లోపల్నుంచి! ఇనప డ్రమ్ము కదా, చిన్న చప్పుడు కూడా ఖంగుమని పలుకుతోంది. రెండేళ్లు తలుపు దగ్గర చల్లగా పడుంది, ఇప్పుడు మూడు వారాలుగా కోడి కింద వెచ్చబడింది, లోపల ఏదో మేలుకుంది... ఇదీ నా లెక్క. ఆ క్షణంలో నాకు అది సైన్సులా అనిపించింది.

గోడ అవతల మా పక్కింటి అప్పన్న గారు మొక్కలకి నీళ్లు పోస్తున్నారు. నేవీలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. ఇంతకంటే ఏం కావాలి? చేత్తో సైగ చేసి పిలిచి, ఫోన్లో వీడియో చూపించి, చెవిలో చెప్పాను. ఆయన గోడ దగ్గర్నుంచే మెడ చాపి డ్రమ్ము వంక చూశారు.

"సముద్రంలోదేనా?"

"అవునండి."

"గుండ్రంగా ఉందా?"

"ఉందండి."

"సౌండొత్తందా?"

"వస్తోందండి!"

"షెల్లే ప్రభుదాసు గారూ, ఫిరంగి గుండు. అనుమానం నేదు. బేగి జనాన్ని తీసీండి."

అంతే! ఆయనా అటు, నేను ఇటు. గేటు గేటుకీ వెళ్లి కొట్టాను. "కంగారు పడొద్దు! పరిగెత్తొద్దు!" అని అరుస్తూ పరిగెత్తాను. జనం నా మాటలు విన్లేదు, నా మొహం చూశారు. చూసి పరుగెట్టారు. ఒకాయన సబ్బు నురగతో వచ్చాడు. ఒకావిడ ఇడ్లీ కుక్కరు పట్టుకుని వచ్చింది, ఎందుకమ్మా అంటే "ఉడికిపోయాయండి" అంది. మధ్యలో పోలీసులకి ఫోన్ చేశాను. ఎర్రయ్య బావకి కూడా చేశాను.

"బావా! నువ్విచ్చింది బాంబు!"

"ఏటీ?"

"బాంబు! టక్‌టక్‌మంటోంది!"

"రెండేళ్లు నా తలుపు కాడ ఒక్క మాట కూడా ఆడనేదు బావా అది. ఉండు, వొచ్చీస్తన్నాను."

వీధి చివర టీ కొట్టు దగ్గర అందర్నీ వరసగా నిలబెట్టి, మా ఫ్యాక్టరీ డ్రిల్లులో లాగే ఇంటింటి పేరూ పిలిచి లెక్కపెట్టాను. ఇరవై ఏడుగురు. ఒక్కళ్లు కూడా తగ్గలేదు! నాకు గర్వం కూడా వచ్చిందండీ, అబద్ధమెందుకు. అప్పుడు అప్పన్న గారి భార్య అడిగింది.

"సుగుణ ఏదండీ?"

మీరు నమ్మరు. వీధిలో ఇరవై ఏడుగుర్ని లెక్కపెట్టాను. మా ఇంటి పేరు పిలవడం మర్చిపోయాను.

"మీతోపాటే గేటు దాకా వొచ్చిందండి. గుడ్లు, గుడ్లు అనుకుంటా ఎనక్కి ఎలిపోయింది" అంది ఇడ్లీ కుక్కరావిడ.

నిజం చెప్తున్నాను, అప్పటిదాకా పడ్డదంతా భయమే కాదు. ఇదీ భయమంటే. టీ కొట్టు పక్కన నేను రోజూ పెట్టే చోట నా బండి ఉంది, దానికి తగిలించిన పసుపు హెల్మెట్టు తీసి నెత్తిన పెట్టుకున్నాను. బాంబుకి ప్లాస్టిక్ టోపీ! ఖాళీ వీధిలో ఒక్కణ్ణే వెనక్కి నడిచాను. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, ఎవరింట్లోనో టీవీలో భక్తి పాటలు వస్తున్నాయి. ఇంటి దగ్గరకొచ్చేకొద్దీ నడక తగ్గిపోయింది. రెండుసార్లు ఆగాను. సుగుణ లేని ఇల్లు కళ్ల ముందు కనపడింది, మళ్లీ నడిచాను.

పెరట్లో ఆవిడ చర్చి చీర కట్టుకుని డ్రమ్ము పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. చెయ్యి పెట్ట కింద ఉంది.

"సుగుణా! కదలకు! చెయ్యి మెల్లగా తియ్యి!"

"అరవకండి. కోడి బెదిరిపోద్ది."

"దాని కింద టైమరుంది!"

"ఏ టైమరు?"

"టక్‌టక్‌మంటోంది, నేను విన్నాను!"

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. హెల్మెట్టు చూసింది. తర్వాత పెట్ట కిందనుంచి ఒక గుడ్డు తీసి, నా చెవి దగ్గర పెట్టింది.

టక్. టక్.

"ఇవాళ ఎన్నో రోజు?" అని అడిగింది.

నేను ఫ్రిజ్ మీద ఎర్ర సున్నా గుర్తు తెచ్చుకున్నాను. ఇవాళే ఇరవై ఒకటో రోజు, పిల్లలు లేచే రోజు. గుడ్డు మీద సన్నటి బీట, ఆ బీటలో చిన్న ముక్కు కదులుతోంది.

మీరు ఇక్కడితో అయిపోయిందనుకుంటున్నారు. నాకు కాలేదు! చప్పుడు గుడ్డుదే, సరే. కానీ ఇనుము ఇంకా కిందే ఉంది కదా? పేలే ప్రతిదీ ముందు చప్పుడు చెయ్యాలని రూలేం లేదు. "బయటికి పోదాం, పోలీసులు వస్తారు" అన్నాను.

"ఇప్పుడు కోడిని లేపితే గుడ్లు సల్లారిపోతాయి. సగం పగిలున్నాయి, సచ్చిపోతాయి. పన్నెండేళ్లకి కూకున్న పొదుగండీ ఇది. నాను రాను. మీరెల్లండి."

ఎక్కడికెళ్తాను? నాకు చచ్చేంత భయంగా ఉంది. అక్కడ కూర్చోవాలంటే భయం, ఆవిణ్ణి వదిలి వెళ్లాలంటే అంతకంటే భయం. హెల్మెట్టు తీసి ఆవిడ నెత్తిన పెట్టాను. తీసి పక్కన పడేసింది. నేను గచ్చు మీద కూలబడి, ఆవిడ ఖాళీ చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుని ప్రార్థన మొదలెట్టాను. రక్షించమని అడుగుతుంటే మధ్యమధ్యలో టక్, టక్ అని వినిపిస్తోంది. గుడ్డే అని తెలిసినా ప్రతిసారీ ఉలిక్కిపడ్డాను.

ఎంతసేపు గడిచిందో తెలీదు. ఉన్నట్టుండి గిన్నీ కోళ్లు రెండూ గొంతు చించుకున్నాయి. గేటు తీసుకుని ఎర్రయ్య బావ వచ్చాడు, వెనకాల ఎస్సై గారు, ఆయన వెనక అప్పన్న గారు, వాళ్ల వెనక నేను ఖాళీ చేయించిన వీధి మొత్తం!

"ఆగండి! బాంబ్ స్క్వాడ్ వస్తోంది, ఎవరూ ముట్టుకోవద్దు!" అంటున్నారు ఎస్సై గారు.

ఎర్రయ్య బావకి అవన్నీ ఎక్కడ వినపడతాయి? తిన్నగా వచ్చి, పెట్టని "కూకో తల్లీ, కూకో" అని నిమిరి, చెయ్యి గడ్డి కిందకి దూర్చి ఇనుము లాగేశాడు. పెట్ట కదల్లేదు.

"దీనికేటి బావా ఇంత బయం? సూడు!" అని బట్టలుతికే రాయి మీద ఠంగుమని కొట్టాడు.

నేను పడుకున్నాను. ఎక్కడ పడుకున్నానో చూసుకోలేదు. ఊదానీళ్ల తొట్టిలో తల సగం మునిగింది. ఈ చెవి అదే! మూడు రోజులైంది, సబ్బుకి పోవడం లేదు.

లేచేసరికి అందరూ రాయి వంక చూస్తున్నారు. గుల్లలూ తుప్పూ పెచ్చులుగా ఊడిపోయాయి, లోపలి ఇసక రాలిపోయింది. గుండ్రటి ఇనప టోపీ. రెండు పక్కలా చిల్లులు. లోపల బిగించే మర.

ఎస్సై గారు అప్పన్న గారి వైపు తిరిగారు. "మీరేనా షెల్లని చెప్పింది? నేవీలో ఏ బ్రాంచండీ?"

"వంటండీ" అన్నారు అప్పన్న గారు.

పదేళ్లుగా పక్కింట్లో ఉంటున్నాను. ఒక్కసారి అడగలేదు.

"మరి ఇదేంటో ఎవరికైనా తెలుసా?"

నాకు తెలుసు. చూడగానే తెలిసిపోయింది. భూమి చీలి నన్ను లోపలికి తీసుకుంటే బాగుణ్ణనిపించింది. ముక్కు మీంచి ఊదానీళ్లు కారుతుంటే చెయ్యెత్తాను.

"గ్యాస్ సిలిండర్ క్యాప్ సార్. సిలిండర్ మీద వాల్వుకి దెబ్బ తగలకుండా పెడతారు."

"మీకెలా తెలుసు?"

"రోజూ చెక్ చేస్తాను సార్. రెండొందల సిలిండర్లకి ఇది ఉందా లేదా అని. నేను సేఫ్టీ సూపర్‌వైజర్ని."

ఎస్సై గారు పెదవి కొరుక్కుని, స్క్వాడ్‌కి ఫోన్ చెయ్యడానికి గోడ వైపు తిరిగారు. భుజాలు కదులుతున్నాయి.

సాయంత్రానికి తొమ్మిది పిల్లలు లేచాయి. పసుపువి, గోధుమవి, ఒకటైతే కడక్‌నాథ్ గుడ్డు కాబోలు, బొగ్గంత నలుపు. వీధి వీధంతా వచ్చి చూసి వెళ్లారు, ఇడ్లీ కుక్కరావిడతో సహా. రెండు గుడ్లు మాత్రం పగల్లేదు. మర్నాడు, ఆ మర్నాడు కూడా పగల్లేదు.

నేను ఆ రెండు గుడ్లనీ చేతిలో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. బాంబు దగ్గరకంటే ఎక్కువ భయమేసింది. షరతు షరతే కదా. నా తొందరపాటే, నా అరుపులే, నేను డ్రమ్ము దగ్గర చేసిన హడావిడే. కోళ్లన్నీ వెళ్లిపోతాయి, ఆవిడ మళ్లీ గంపలు అటకెక్కిస్తుంది, ఇంకో పన్నెండేళ్లు ఏమీ అనకుండా ఊరుకుంటుంది.

"రెండు పోయాయి సుగుణా. నా వల్లే."

ఆవిడ గుడ్లు తీసుకుని వెలుతురుకి పట్టి చూసింది.

"ఇయ్యి మొదట్నుంచీ కట్టనేదు. లోపల పిల్లే నేదు. మీ వల్ల కాదు" అంది. తర్వాత కళ్లు తుడుచుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. "కోళ్లు ఎక్కడికీ పోవు. ఉంటాయి."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే సాయంత్రం పిల్లలకి నూక నేను వేస్తాను" అన్నాను.

"ఆగండి" అంది. "కోళ్లు ఉంటాయన్నాను. పెరట్లోకి మీరు రావచ్చని నానెప్పుడన్నాను?"

అదండీ సంగతి. ఫ్యాక్టరీలో నేను సంతకం పెట్టకపోతే ఒక్కడు కూడా పనిలోకి దిగడానికి లేదు. ఇంట్లో నా కోడిపిల్లల్ని నేను కిటికీలోంచి చూసుకుంటున్నాను. పొద్దున్న రాతపూర్వకంగా పర్మిషన్ కూడా అడిగాను. చదివి, వెనక్కిచ్చేసింది. "మనిషి సేఫ్ అని ఎవరైనా రాసిత్తే అప్పుడు సూద్దాం" అంది. మీలో ఎవరైనా సంతకం పెడతారా?